చిల్లర లెక్క తీసివేత కాదు: పిల్లలకు వాపసు పైసలు నేర్పడం ఎట్లా?

పోయిన ఎపిసోడ్‌లో ఎక్కాల గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి మా తరిగొప్పులలో ఒక తల్లి నన్ను అడిగింది: "సార్, మా పోరనికి పన్నెండో ఎక్కం దాక వస్తది. కాగితం మీద తీసివేతలు గూడ చేస్తడు. కని దుకాణం పంపిస్తే ఆయన చేతిల ఎంత పెడితే అంత పట్టుకొని వస్తడు. ఎంత రావాల్నో వానికి తెల్వదు. గిదేం చదువు సార్?"

ఈ రోజు మొత్తం ఆ ప్రశ్న గురించే. ఎందుకంటే అది ఒక్క పిల్లవాని సంగతి కాదు. మీ ఇంట్లో ఐదో తరగతి పిల్లకు ఒక వంద నోటు చూపించి, "37 రూపాయల సామాను తెచ్చినవ్, ఎంత వాపసు వస్తది?" అని అడిగి చూడండి. చాలా మంది పిల్లలు పలక కోసమో, పెన్ను కోసమో వెతుకుతారు. దుకాణం ముందు పలక ఉండదు కదా. వెనుక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు.

కొందరు తండ్రులు ఏమంటారంటే, "ఇంకా చిల్లర ఎక్కడిది సార్, అంతా ఫోన్లే కదా" అంటారు. సగం నిజమే. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు మొదలైన అలవాటు, ఇప్పుడు మన మండల కేంద్రాల్లో చాయ్ హోటల్ దాకా వచ్చింది. గోడకు ఆ నలుపు తెలుపు గళ్ల బొమ్మ, పక్కన ఒక డబ్బా. ఇన్ని రూపాయలు వచ్చాయి అని అది అరుస్తుంది, అంతే. 37 అయితే సరిగ్గా 37 పోతాయి. వాపసు అనే మాటే లేదు. పిల్లవాడు ఏం చూసి నేర్చుకుంటాడు?

బస్సులో కూడా అంతే. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. మంచి పని, నేనేమీ తప్పు పట్టడం లేదు. కానీ ఇదివరకు అమ్మతో జనగామ పోయే పిల్ల ఒక పాఠం చూసేది. అమ్మ వంద నోటు ఇచ్చేది. కండక్టర్ చిల్లర లేదని టికెట్ వెనుక అంకె రాసి ఇచ్చేవాడు. అమ్మ ఆ టికెట్‌ను పిడికిట్లో పట్టుకొని, దిగేముందు గుర్తుచేసి తీసుకునేది. ఆ పాఠం ఇప్పుడు ఆ పిల్లకు లేదు.

అయితే ఇంట్లో ఒకరు ఉన్నారు, ఫోన్‌తో పని లేనివాళ్లు. అవ్వ, తాత. వాళ్లది ఇప్పటికీ చేతిలో నోటు, కొంగు ముడిలో బిళ్లలు. ఆసరా పింఛను 2014లో మొదలైనప్పుడు వృద్ధులకు వెయ్యి రూపాయలు. రెండు నోట్లు, లెక్క ఖతం. 2019లో అది 2016 అయింది. మన నూటపదహార్ల పద్ధతిలో పక్కకు ఒక పదహారు వచ్చి చేరింది. వినడానికి శుభంగా ఉంది. చేతికి వచ్చేటప్పుడు మాత్రం నాలుగు ఐదువందల నోట్లు, ఒక పది, ఒక ఐదు, ఒక రూపాయి కావాలి. చిల్లర లేదు అన్నారనుకోండి, ఆ పదహారు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఏడాదికి పన్నెండు సార్లు ఆగితే 192 రూపాయలు. అవ్వకు అది నెల రోజుల చాయ్‌పత్త, చక్కెర కావచ్చు.

చదువు రాని అవ్వ పక్కన నిలబడేది ఎవరు? మీ పిల్లనే. అందుకే "ఫోన్లు వచ్చాయి కదా" అనే మాటను నేను ఒప్పుకోను.

సరే, అసలు సంగతికి వద్దాం. కాగితం మీద చేసే పిల్లవాడు దుకాణంలో ఎందుకు ఆగిపోతున్నాడు?

ఇది మన ఊరి తెలివితక్కువతనం కాదు, ముందు అది తెలుసుకోవాలి. బ్రెజిల్ దేశంలో రెసీఫే అని ఒక పట్టణం. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే ఐదుగురు పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 1985లో వచ్చింది. పన్నెండేళ్ల పిల్లవాణ్ని "కాయ 35 అయితే పది కాయలు ఎంత?" అని అడిగితే, వాడు మూడు కాయలకు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, ఇంకొకటి, 350 అన్నాడు. పదితో గుణించి పక్కన సున్నా పెట్టలేదు, చూశారా! తన సొంత దారిలో పోయి సరిగ్గా చేరాడు. ఆ పిల్లలు బజారులో నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే.

మన దేశంలో కూడా ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లలు పద్నాలుగు వందల మందికి పైగా చూసి చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. నోబెల్ తీసుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అందులో ఉన్నారు. బజారు పిల్లలు కూరగాయల లెక్క, వాపసు లెక్క నోటితో చెప్పేస్తున్నారు, బడి లెక్క ఇస్తే ఆగిపోతున్నారు. బడి పిల్లలు దానికి ఉల్టా. కాగితం మీద ఫర్వాలేదు, బజారు లెక్కలో కూలబడ్డారు. అంటే ఒకటి వస్తే రెండోది దానంతట అదే రాదు. రెండింటి మధ్య మనం వంతెన కట్టాలి.

ఆ వంతెన ఏందో ఇప్పుడు చూపిస్తాను. బల్ల మీద చూడండి.

వందలోంచి 37 తీసివేయాలి. బడి పద్ధతిలో ఏం చేస్తాం? సున్నాలోంచి ఏడు పోదు. పక్కన అప్పు అడగాలి. పక్కన కూడా సున్నానే. ఇంకా పక్కకు పోయి ఒకటి దగ్గర అప్పు తెచ్చి, అది పది అయి, అందులో ఒకటి ఇటు ఇచ్చి తొమ్మిది అయి... పెద్దవాళ్లకే నోటితో చెప్పాలంటే తల తిరుగుతుంది. వంద, ఐదువందలు, ఇట్లా సున్నాలున్న నోట్లే కదా మనం ఇచ్చేది. అంటే ప్రతిసారీ పిల్లవాడికి అన్నిటికన్నా కష్టమైన తీసివేతే తగులుతుంది.

ఇప్పుడు పాతకాలం సేటు ఏం చేసేవాడో గుర్తు చేసుకోండి. తీసివేత చేసేవాడు కాదు. సామాను మీ ముందు పెట్టి, "ముప్పై ఏడు" అనేవాడు. తర్వాత మీ అరచేతిలో ఒక్కొక్క బిళ్ల పెడుతూ, "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై." ఒక పది నోటు పెట్టి "యాభై." ఒక యాభై నోటు పెట్టి "వంద. సరిపోయిందా?" అంతే! చేతిలో ఎంత ఉంది? మూడు, పది, యాభై. 63. ఎవరూ అప్పు తెచ్చుకోలేదు. ధర దగ్గర మొదలుపెట్టి, మీరిచ్చిన నోటు దాకా నింపుకుంటూ పోయాడు. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఒకేసారి లెక్క తేలిపోయింది.

నేను చెప్పేది ఇదొక్కటే: చిల్లర అంటే తీసివేయడం కాదు, నింపడం. చిన్న బిళ్లలతో దగ్గరి పది దాకా, పది నోట్లతో దగ్గరి యాభై దాకా లేదా వంద దాకా, అక్కడి నుంచి పెద్ద నోటు దాకా. ఇప్పుడు దుకాణాల్లో క్యాలిక్యులేటర్ వచ్చి, 63 అని చూపించి, మొత్తం ఒకేసారి మడిచి చేతిలో పెడుతున్నారు. పిల్లవాడికి ఆ మెట్లు కనబడటం లేదు. కాబట్టి ఆ మెట్లు ఇంట్లో మనమే చూపించాలి.

ఇక్కడ ఒక మాట పక్కకు పోయి చెప్తాను. మన తాతలు ఇంతకన్నా కష్టమైన లెక్కలు చేశారు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్ల వైపు కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. జనగామల రైలెక్కి బెజవాడ దిగితే పైసలు మారేవి. 42 హాలీలు ఇస్తే 36 కల్దార్లు రావాలి. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు, అంటే రూపాయికి 192 పైలు. ఇందాక అవ్వ పింఛనులో ఏడాదికి వచ్చిన అంకెనే, చూశారా, ఊరికే కలిసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలు అయినప్పుడు, అణాల లెక్క పోయి పని సులువైంది. అయినా మనం "చారణా కోడికి బారాణా మసాలా" అంటూనే ఉన్నాం. పావలా బిళ్ల మాత్రం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. బడి మొహం చూడని వాళ్లు ఆ లెక్కలన్నీ నోటితో చేశారంటే, అది తీసివేత పద్ధతితో కాదు, చేతిలో బిళ్లలు ఆడించి ఆడించి వచ్చింది.

ఇక ఇంట్లో ఎట్లా చేయాలి? ముందు ఒక డబ్బాలో నిజం పైసలు పెట్టండి. బొమ్మ నోట్లు వద్దు. నిజం బిళ్ల బరువు చేతికి తెలియాలి. రూపాయి బిళ్లలు పది, రెండు రూపాయలవి ఐదు, ఐదువి నాలుగు, పది నోట్లు ఐదు, ఇరవైలు రెండు, ఒక యాభై. మొత్తం 180 రూపాయలు. మొదటి రోజు ఆ మొత్తం ఎంతో పిల్లతోనే లెక్కపెట్టించండి. అదే సగం పాఠం. ఆట అయ్యాక మళ్లీ 180 డబ్బాలో పడాలి. పడకపోతే వెతకాలి, తిట్టొద్దు.

ఆటలో అందరూ ఒక పొరపాటు చేస్తారు. పెద్దవాళ్లు దుకాణదారు అవుతారు, పిల్లను కొనేదాన్ని చేస్తారు. ఉల్టా చేయండి. పిల్లనే సేటు కావాలి. ఎందుకంటే లెక్కపెట్టే పని గల్లా దగ్గర కూర్చున్నోళ్లది. మీరు సబ్బు బిళ్ల పట్టుకొని పోయి, "ఎంత సేటూ?" అనండి. పిల్ల "పదిహేడు" అంటుంది. మీరు ఇరవై ఇవ్వండి. "పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై" అని మూడు బిళ్లలు మీ చేతిలో పెట్టాలి. నోటితో అనాలి, మనసులో కాదు.

వరుస కూడా చెప్తాను. రెండో తరగతి పిల్లకు పది రూపాయల లోపలే. ఏడుకు ఎంత కలిపితే పది, ఆరుకు ఎంత కలిపితే పది, ఇది నడుస్తూ, అన్నం తింటూ అడగొచ్చు. ఇది తడుముకోకుండా వచ్చేదాకా ముందుకు పోవద్దు, ఎందుకంటే పైన వచ్చేదంతా దీని మీదే నిలబడుతుంది. తర్వాత ఇరవై, యాభై, వంద. ఐదువందలు ఆఖరుకు. 237 రూపాయల సామానుకు ఐదువందలు ఇస్తే మూడు పెట్టి 240, అరవై పెట్టి 300, రెండు వందలు పెట్టి 500. మొత్తం 263. మెట్లు అవే, కొంచెం పెద్దవి.

పిల్లకు సేటు పని వచ్చాక అప్పుడు మీరు సేటు కండి, కావాలని ఐదు రూపాయలు తక్కువ ఇవ్వండి. పట్టుకుంటే ఆ ఐదు ఆమెకే. చూడండి ఎంత కన్నేసి చూస్తుందో!

ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు ఒకటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. భాష. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీష్ మీడియం. పిల్లకు బడిలో థర్టీ సెవెన్ తెలుసు. దుకాణంలో ఆయన "ముప్పై ఏడు" అంటాడు. పిల్ల బిత్తరపోయి చూస్తుంది. లెక్క రాక కాదు, మాట తెలియక! "నలభై తొమ్మిది అంటే ఎంత సార్?" అని ఏడో తరగతి పిల్లలు అడిగారు నన్ను. అందుకని ఈ చిల్లర ఆట మొత్తం తెలుగు అంకెల్లోనే ఆడించండి. పైకి లెక్కపెట్టేటప్పుడు "యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై" అని నోటికి రావాలి. బడిలో ఇంగ్లీష్ ఎట్లాగూ వస్తుంది. అంగట్లో కూరగాయలమ్మే అవ్వ మాత్రం ఫిఫ్టీ ఎయిట్ అనదు.

నోటు మీద తెలుగు కూడా చూపించండి. వెనుక పక్క పదిహేను భాషల వరుస ఉంటుంది కదా, అందులో కింద నుంచి రెండోది మనది. చదవమనండి. ఇరవై నోటు, రెండువందల నోటు రెండింటిలోనూ పసుపు ఉంటుంది. చూపు ఆనని వాళ్లు మసక వెలుతురులో ఒకటనుకొని ఇంకొకటి ఇస్తారు. ఇరవై మీద ఎల్లోరా గుహ, రెండువందల మీద సాంచి స్తూపం. ఈ తేడా పిల్లకు తెలిస్తే ఇంట్లో ముసలోళ్లకు కాపలా దొరికినట్టే.

ఇక పిల్లలు అన్నిటికన్నా భయపడే చోటు. బిల్లు 62 అయింది. వంద ఇచ్చారు. దుకాణపాయన "రెండు రూపాయలున్నయా బిడ్డా?" అంటాడు. పిల్ల అనుకుంటుంది: నేనిచ్చిందే ఎక్కువ, మళ్లీ ఎందుకు ఇవ్వాలి? ఇదేదో మోసం! కొందరు ఇవ్వకుండా నిలబడతారు, కొందరు ఇచ్చి, ఎంత రావాలో తెలియక వచ్చేస్తారు. ఇది అర్థం చేయించడానికి నేను అక్కాతమ్ముళ్ల వయసు చెప్తాను. అక్కకు పన్నెండు, తమ్మునికి తొమ్మిది. తేడా మూడు. రెండేళ్లు పోయినాక అక్కకు పద్నాలుగు, తమ్మునికి పదకొండు. తేడా? అదే మూడు. ఇద్దరూ పెరిగారు కాబట్టి మధ్యలో ఉన్నది మారలేదు. కానీ ఇక్కడ పెరిగింది నువ్వు ఇచ్చిన పైసలు ఒక్కటే. 100 కాస్తా 102 అయింది, ధర 62 అట్లనే ఉంది. కాబట్టి తేడా కూడా రెండు పెరిగింది. ముందు 38 రావాలి, ఇప్పుడు 40 రావాలి. నువ్వు ఇచ్చిన రెండు నీకే తిరిగి వచ్చాయి. బిళ్లలు పెట్టి రెండు రకాలుగా చేయించండి: వంద ఇచ్చి 38 తీసుకోవడం ఒకసారి, 102 ఇచ్చి రెండు ఇరవైలు తీసుకోవడం ఒకసారి. రెండింటిలోనూ డబ్బాలో పోయింది 62నే అని పిల్ల కళ్లతో చూడాలి. చూసిన రోజు మొహం వెలిగిపోతుంది.

లెక్క వచ్చినా నోరు రాకపోతే లాభం లేదు. ఐదు తక్కువ వచ్చిందని తెలిసినా, పెద్దాయనతో చెప్పడానికి భయం. మనమే ఆ భయం నేర్పాం: "పెద్దోళ్లకు ఎదురు చెప్పొద్దు" అని. కాబట్టి మాట కూడా ఇంట్లోనే నేర్పాలి. "అన్నా, ఇంకో ఐదు రావాలె" లేదా "తాతా, ఒక్కసారి మళ్ల లెక్కపెడతవా?" మర్యాదగా, గట్టిగా, గల్లా దగ్గరే నిలబడి. ఇంటికి వచ్చి చెప్తే పని కాదు. చిల్లరకు బదులు చాక్లెట్ ఇస్తే? ఇష్టమైతే తీసుకోవచ్చు, వద్దంటే "పైసలే ఇయ్యి అన్నా" అనొచ్చు. దుకాణంలో ఎక్కువ వచ్చినా ఇదే రకంగా తిరిగి ఇచ్చేయాలి. ఆ లెక్క కూడా లెక్కనే.

పది రూపాయల బిళ్ల చెల్లదని కొన్ని దుకాణాల్లో అంటారు, పిల్ల దాన్ని పట్టుకొని ఏడ్చుకుంటూ వస్తుంది. అన్ని రకాల పది బిళ్లలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. 14440 నంబర్ మీద కూడా ఆ మాట వినొచ్చు. పిల్లకు ఇది చెప్పి పంపండి, గొడవ పెట్టుకోమని కాదు, తన తప్పు లేదని తెలియడానికి.

టీచర్లకు ఒక్క మాట. కర్ణాటకలో సర్కారు బడుల్లో మక్కళ సంతె అని చేస్తారు. పిల్లల అంగడి అన్నమాట. పిల్లలే ఇంటి నుంచి ఆకుకూర, నిమ్మకాయలు, బొరుగులు తెచ్చి, బడి ఆవరణలో కూర్చొని నిజం పైసలకు అమ్ముతారు. ఊరివాళ్లు వచ్చి కొంటారు. ఒక్క పూట. ఏడాదికి ఒకసారి మన దగ్గర చేసినా చాలు, పది పీరియడ్ల లెక్క అందులో అయిపోతుంది. ఖర్చు కూడా ఏమీ లేదు.

ఈ వారం ఇంట్లో చేయించడానికి మూడు లెక్కలు ఇస్తున్నాను. బిళ్లలు పెట్టే చేయాలి. ఒకటి, 44 రూపాయల సామాను, వంద నోటు. రెండు, 81 రూపాయలు, వంద నోటుతో పాటు జేబులో ఒక రూపాయి బిళ్ల ఉంది. అది ఇస్తే ఎంత రావాలి, ఇవ్వకపోతే ఎంత రావాలి?

మూడోది పింఛనుది. అవ్వకు 2016 రావాలి. ఇచ్చేవాళ్ల దగ్గర ఐదువందల నోట్లు ఉన్నాయి, ఒక ఇరవై నోటు ఉంది, చిల్లర బిళ్ల ఒక్కటి కూడా లేదు. పదహారు ఎట్లా వస్తుంది? పిల్లతో నింపించండి: పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. నాలుగు. అవ్వే నాలుగు రూపాయలు ఇచ్చి, ఇరవై నోటు తీసుకోవాలి. పింఛను రోజు పొద్దున పిల్లతోనే అవ్వ కొంగుకు నాలుగు రూపాయి బిళ్లలు ముడి వేయించి పంపండి.